ఐదు వంకర నవ్వులు

మేడ మీద గది,
ఆదివారం మధ్యాహ్నం

మామయ్యా,

ముందు నవ్వడం ఆపు. చదవకుండానే నవ్వుతావని తెలుసు కాబట్టి మొదటి లైన్లోనే చెప్తున్నాను.

నిన్న నా మెడకి నేనే పిండికట్టు వేసుకున్నాను.

పళ్ల సెట్లు తయారుచేసే చోట పనిచేసేదానికి ప్లాస్టర్‌కి కొదవా? పళ్ల డాక్టర్లు పంపే దవడ అచ్చుల్లోకి రోజూ తట్టలకి తట్టలు కలిపి పోస్తున్నదాన్ని, ఒక్క నా మెడకి పోసుకోలేనా అనుకున్నాను. రెండు నెలలుగా ఎడమ వైపు భుజం నుంచి చెవి దాకా మేకు దిగ్గొట్టినట్టు నొప్పి. మెడ కదలకుండా బిగించేస్తే అదే చస్తుందని నా లెక్క. సాయంత్రం అందరూ వెళ్లాక గుడ్డ పీలికలు ప్లాస్టర్‌లో ముంచి నాలుగు చుట్లు చుట్టాను. రెండు నిమిషాలు హాయిగా ఉంది. మూడో నిమిషంలో గుర్తొచ్చింది, ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందని. కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పే మొదటి పాఠమే అది! కుంపటి కౌగిలించుకున్నట్టయింది. లాగితే రాదు. వెనక జుట్టంతా అందులోనే. గడ్డం పైకి పట్టేసి నా కాళ్లు నాకే కనబడటం లేదు.

అప్పుడు గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చాడు నిదానం. మా వర్క్‌షాపులో వాడి అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు, ఆ నడక చూస్తే నీకూ అక్కర్లేదు. నన్ను చూశాడు. "కదలకు" అన్నాడు. ప్లాస్టర్ కోసే చిన్న రంపం తెచ్చి గంటసేపు కోశాడు. గంట! అయ్యాక "వేడెక్కుతుందని తెలీదా?" అన్నాడు. ఆ రంపంతోనే ఒక్కటిద్దామనిపించింది.

అసలు బాధ అది కాదు. మా ఓనరు, ముప్పైరెండు అంటాం, తిట్టినా నవ్వినా అన్ని పళ్లూ ఒకేసారి కనబడతాయి, ముందుపళ్ల బల్ల మా ఇద్దరిలో ఎవరో ఒకరికి ఇస్తానన్నాడు. ఇంకో మూడు నెలల్లో, అప్పటిదాకా ఇద్దరం ముందుపళ్లతో సహా పూర్తి సెట్లు చేసి చూపించాలి. దవడ పళ్లదేముంది, నోట్లో చీకట్లో ఉంటాయి, ఎవడు తొంగి చూడొచ్చాడు. ముందుపళ్లంటే మనిషి మొహం. నాకు ఎవడూ నేర్పలేదు మామయ్యా. పాత పుస్తకాల్లో బొమ్మలు చూసి, మైనం ముద్దలు చెక్కి చెక్కి పారేసి నేర్చుకున్నాను నాలుగేళ్లు. నాకు ఆ బల్ల కావాలి. మెడనొప్పి అని తెలిస్తే ముప్పైరెండు నన్ను ప్లాస్టర్ తొట్టి దగ్గరికి తోసేస్తాడు. పోయినేడు ఒకావిణ్ని అలాగే తోశాడు. ఇప్పుడు ఆ సంగతి పోటీదారుడికే తెలిసింది.

అమ్మకి చెప్పావో, రేపు నీ పళ్లు ఊడాక సెట్టు చెయ్యాల్సింది నేనే, గుర్తుపెట్టుకో.

నీ మేనకోడలు


వెనక వసారా, పడక్కుర్చీ,
గురువారం పొద్దున్న

ఒసే పిండికట్టూ,

నవ్వలేదు. దగ్గాను. దగ్గు విని మీ అత్త లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. ఉత్తరం లాక్కుని చదివి ఆవిడా దగ్గింది.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు. పళ్ల డాక్టరు కాదు. చెయ్యి తిమ్మిరెక్కుతోందా, పట్టుకున్న వస్తువు జారిపోతోందా, అదీ అడుగుతాడు, దాచకుండా చెప్పు. అలాంటివేవైనా ఉంటే నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకు, పరిగెత్తు.

అవేవీ లేకపోతే ఇక నా మాట విను. ముప్పయ్యేళ్లు బస్సు నడిపినవాడి మెడ చెప్తున్న మాట ఇది. బిగించి కూర్చుంటే నొప్పి చావదే, కాపురం పెడుతుంది. మెడని కదపాలి. మెల్లగా, అటూ ఇటూ, రోజూ. అరగంటకోసారి లేచి నిలబడాలి, నొప్పి వచ్చాక కాదు, రాకముందే. స్టాపొచ్చిందని బండి ఆపుతాం కానీ ఇంజను పేలిందని ఆపుతామా? గడ్డాన్ని కిందకి వంచకుండా తిన్నగా వెనక్కి లాగి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదులు. చూసేవాళ్లకి కోడి వెనక్కి నడుస్తున్నట్టు ఉంటుంది, ఉండనీ. పడుకునేటప్పుడు ఒక్క దిండే. నువ్వు మూడు పెట్టుకుని పడుకుంటావని మీ అమ్మ ఎప్పుడో చెప్పింది. కాపడానికి వేడినీళ్ల సంచి చాలు, కుంపట్లు అక్కర్లేదు. ఇంకోటి, పని నీ కళ్ల దగ్గరికి రావాలి, నువ్వు పని మీదకి వాలకూడదు. బల్ల ఎత్తు పెంచుకో.

ఫోన్ చేస్తానన్నావట మీ అత్తతో. వద్దు. దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మైనం చెక్కుతూ మాట్లాడతావు నువ్వు. ఉత్తరమే రాయి. తిన్నగా కూర్చుని రాయి. పైగా ఫోన్లో అయితే నీ తిట్లన్నీ గాలికి పోతాయి. కాగితం మీదైతే మళ్లీ మళ్లీ చదువుకుంటాను.

మామయ్య


వర్క్‌షాపు, టిఫిన్ బాక్సుల గది,
పనివేళ మధ్యలో

మామయ్యా,

డాక్టర్ని చూశాను. తిమ్మిరి లేదు, పట్టు బాగానే ఉంది, ఎముకలు బాగున్నాయట. కండరాలట. "వస్తూ పోతూ ఉంటుంది, మీరే చూసుకోవాలి" అన్నాడు. వస్తూ పోతూ ఉండటానికి చుట్టమా? మరి నువ్వెందుకున్నావయ్యా అని అడిగాను. నీలాగే కోడి నడక చూపించాడు. ఇద్దరూ ఒకే బళ్లో చదివారా?

అరగంటకోసారి లేవమన్నావు. ముప్పైరెండు ముందు ఎవరైనా ఊరికే లేచి నిలబడితే "ఏం, పండగా?" అంటాడు. అందుకని ఒక పని చేశాను. పళ్లు కలుస్తున్నాయో లేదో చూడటానికి మా దగ్గర ఒక దవడ బిగింపు ఉంటుంది, తెరిచి మూసేది. పాతది ఒకటి పట్టుకుని, వంటింటి గడియారం ఒకటి విప్పి దానికి తగిలించాను. సరిగ్గా అరగంటకోసారి ఆ దవడ టకటకా కొట్టుకుంటుంది. ఇదేమిటని అడిగాడు ముప్పైరెండు. "ప్లాస్టర్ తడి చూసుకునే గంటండీ, మర్చిపోకుండా" అన్నాను. భలే మెచ్చుకున్నాడు! అందరూ లేచి చూసుకోవాల్సిందేనని ఆర్డరేశాడు.

ఇప్పుడు దవడ కొట్టుకోగానే ఏడుగురం లేచి ప్లాస్టర్ల వైపు గంభీరంగా చూస్తూ నిలబడుతున్నాం, ఎవరో పెద్దమనిషి పోయినట్టు. నేను గడ్డం వెనక్కి లాగుతాను. నిన్న చూస్తే నా పక్కావిడ కూడా లాగుతోంది. ఎందుకని అడిగాను. "నువ్వు లాగుతున్నావుగా, తడి అలా అయితేనే కనబడుతుందేమో అనుకున్నా" అంది. ఇవాళ నలుగురు లాగారు.

రెండు వారాలు బాగుంది. ఎంత బాగుందంటే మంగళవారం దవడ నోరు కట్టేసి ఏకబిగిన నాలుగు సెట్లు లాగేశాను. బుధవారం మంచం మీంచి లేవడానికి జుట్టు పట్టుకుని నా తలని నేనే ఎత్తుకోవాల్సొచ్చింది. ఏమీ అనకు.

ఇంకో సంగతి. నిదానం నా సెట్లు ముట్టుకుంటున్నాడు. పంపడానికి ట్రేలో పెట్టినవాటిని తీసి దీపం దగ్గర పట్టుకుని ఏదో గెలుకుతుండగా రెండుసార్లు చూశాను. నన్ను చూసి పెట్టేశాడు. నా పని చెడగొట్టి బల్ల కొట్టేద్దామని. మెత్తనివాళ్లని నమ్మకూడదు.

నీకేం, హాయిగా ముందే రిటైరై పడక్కుర్చీలో కూర్చుని నీతులు చెప్తావు.

మేనకోడలు


వెనక వసారా,
శనివారం

ఏమే కోడీ,

అనకు అన్నావు కాబట్టి అనను. రాస్తాను. నొప్పి లేని రోజే నీకు పిచ్చి పట్టేది. ఖాళీ రోడ్డు చూసి తొక్కావు, గోతిలో పడ్డావు. బాగున్న రోజున కూడా దవడ మాట వినాలి. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని ఏ రోజు ఏం చేశావో, మర్నాడు మెడ ఏమందో రాసుకో. నెల తిరిగేసరికి నీ శత్రువు ఎవరో అందులోనే దొరుకుతాడు. నిదానం పేరు ఉండదని నా పందెం.

వాడితో గొడవ పెట్టుకోకు. గంటసేపు నీ మెడ మీద రంపం పెట్టి ఒక్క గీత పడనివ్వలేదు వాడు. నేనైతే నీ నోరు విని తల తీసేసేవాణ్ని.

నా రిటైర్మెంట్ సంగతి వదిలెయ్. అత్త అడిగానని చెప్పమంది.

మామయ్య


మేడ మీద గది,
నెల తర్వాత సోమవారం, కోపంగా

మామయ్యా,

నీ పందెం పోయింది. నేను చెప్తే విన్నావా?

ఐదు సెట్లు వెనక్కొచ్చాయి. ఐదూ నావే, ఒకే వారంలో పంపినవి. ఐదూ ముందువరస ఒక పక్కకి వాలి ఉన్నాయి, చెక్కేసినట్టు. పెట్టుకున్నవాళ్లందరూ ఎదుటివాళ్లని వెక్కిరిస్తున్నట్టు కనబడుతున్నారట. ఒకాయన వకీలు. "ఇందులో నవ్వొచ్చేదేముంది?" అని జడ్జిగారు రెండుసార్లు అడిగారట. ఒకావిడకి మొగుడు పోతే పలకరించడానికొచ్చినవాళ్లు ఆవిణ్ని అదోలా చూసి వెళ్లారట. ముప్పైరెండు ఐదింటినీ బల్ల మీద వరసగా పెట్టాడు. ఐదుగురు నన్ను చూసి ఎగతాళి చేస్తున్నట్టుంది. నా చేతులతో నేను చేసినవి, ప్రతిదీ పదిసార్లు చూసుకుని పంపినవి!

అందరి ముందూ నిదానాన్ని కడిగేశాను. "దొంగచాటుగా నా పని వంకర చేసేవాడివి, నీకు ముందుపళ్లెందుకు, ముందు వెన్నెముక చేసుకో" అన్నాను. వాడు ఒకే ఒక్క మాటన్నాడు. "ఆ వారం నేను సెలవులో ఉన్నాను." అబద్ధానికి కూడా నాలుగు మాటలు వాడలేని బద్ధకం.

ముప్పైరెండు శనివారం తేలుస్తానన్నాడు. వంకర ఎవరిదో, బల్ల ఎవరిదో, రెండూ. శనివారం ఆ వంకర వాడిదని రుజువు చెయ్యకపోతే నాకు తొట్టే గతి. ఏం చెయ్యమంటావో వెంటనే రాయి. నీతులు వద్దు.

మేనకోడలు


వెనక వసారా,
బుధవారం

అమ్మాయీ,

నీ ఉత్తరాలు మూడూ బల్ల మీద వరసగా పరిచాను. నీది గీతల్లేని కాగితం. మొదటి దాంట్లో వాక్యాలు తిన్నగానే మొదలై చివర కొంచెం పైకి పోతున్నాయి. రెండో దాంట్లో మెట్లెక్కాయి. మొన్నటి దాంట్లో అయితే అటక మీదకే ఎక్కేశాయి. నువ్వు తిన్నగానే రాశాననుకుంటున్నావు. నీ కంటికి అవి తిన్నగానే ఉన్నాయి. నొప్పి ఉన్న వైపు కాపాడుకుంటూ నీ తల ఎటు వాలుతోందో అద్దంలో ఎప్పుడైనా చూసుకున్నావా?

నీతులు వద్దన్నావు. చెప్పను. ఒక సంగతి చెప్తాను.

నేను రిటైర్ అవలేదు. మెడ తిరగడం లేదని పదకొండు నెలలు డిపోలో దాచాను. తల తిప్పాల్సిన చోట నడుము తిప్పేవాణ్ని. కుడి అద్దంలో సగమే కనబడేది, మిగతా సగం నాకు తెలుసులే అనుకునేవాణ్ని. నాకంటే బాగా నడిపేవాడు లేడనుకునేవాణ్ని. ఒకరోజు పొద్దున్న వెనక్కి తీస్తూ డిపో గోడ కూల్చాను. గోడ అవతల టీ కొట్టు బెంచీ ఉంది. దాని మీంచి ఇద్దరు అప్పుడే లేచారు. అప్పుడే. టీ గ్లాసులు ఇంకా బెంచీ మీదే ఉన్నాయి.

ఆ రోజే తాళాలు ఇచ్చేశాను. విసుగొచ్చి మానేశానని ఇంట్లో చెప్పాను. ఇప్పుడు ఇది మీ అత్తకి చదివి వినిపించాను. ఆవిడ నా వైపు చూడకుండా లేచి అవతలికి వెళ్లింది.

ఆ వారం లేనన్నాడు ఆ అబ్బాయి. ఆ మాట ఇంకోసారి చదువు.

మామయ్య


మేడ మీద గది,
ఆదివారం

మామయ్యా,

నీ ఉత్తరం గురువారం అందింది. రోజంతా నిన్ను తిట్టుకున్నాను. తర్వాత గుమ్మానికి దారం కట్టి, చివర ప్లాస్టర్ ముద్ద వేలాడదీసి, దాని వెనక అద్దం పెట్టి నిలబడ్డాను. దారం తిన్నగా ఉంది. నా ముక్కు లేదు. నేను తిన్నగా నిలబడ్డాననే అనుకుంటున్నాను, ఒట్టు! తలని దారానికి సరిగ్గా తెస్తే ఒరిగిపోతున్నట్టు అనిపించింది.

శుక్రవారం నిదానం దగ్గరికి వెళ్లాను.

"నా సెట్లు ఏం చేసేవాడివి?"

"వాలి ఉండేవి. సరిచేసి పంపేవాణ్ని."

"ఎన్నాళ్ల నుంచి?"

"నీ పిండికట్టు ముందు నుంచే."

"సెలవుకి వెళ్లేముందు చెప్పి చావచ్చుగా?"

"చెప్తే రంపం విసురుతావు."

"అసలు సరిచెయ్యడం దేనికి? నేను పోతే బల్ల నీదేగా."

నావైపు కూడా చూడలేదు. "పెట్టుకునేవాళ్లు ఏం పాపం చేశారు?" అన్నాడు.

నాకోసం చేశానని చెప్పినా తిట్టడానికి ఒక మాట దొరికేది.

నిన్న, శనివారం. ముప్పైరెండు ఐదు సెట్లూ వరసగా పెట్టి అన్ని పళ్లూ చూపించాడు. "తేల్చండి. వంకర ఎవరిది?" నిదానం నోరు తెరిచేలోపు, అంటే నాకు బోలెడు టైముంది, నేనే అన్నాను. "నాది. నా మెడ ఒక పక్కకి వాలుతోంది, కళ్లూ దానితోపాటే వాలాయి. నాలుగు నెలలుగా నొప్పి. దాచాను. అతన్ని అన్న మాటలు తప్పు. ఇన్నాళ్లూ నా పని సరిచేసి పంపింది అతనే."

"నొప్పున్న మెడతో ముందుపళ్లు చెయ్యడం కుదరదమ్మా" అన్నాడు ముప్పైరెండు. తొట్టి వైపు చెయ్యి అప్పుడే లేస్తోంది.

నాకు ఒళ్లు మండింది. "ఈ గదిలో మెడనొప్పి లేనివాళ్లు చెయ్యెత్తండి" అన్నాను.

ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి నా పక్కావిడ చెయ్యి సగం లేచింది. ముప్పైరెండు మొహం వెలిగింది. "అదిగో! ఆవిడకి లేదుగా!"

"నాకూ ఉందండీ" అంది ఆవిడ. "ఎంతవరకు లేస్తుందో చూపిద్దామని. ఇంతకంటే లేవదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్విందెవరా అని ముప్పైరెండు తిరిగాడు. ఎలా తిరిగాడనుకున్నావ్? బీరువాని జరిపినట్టు, మనిషి మొత్తం. తల ఒక్కటీ తిప్పలేదు. ఏడుగురం ఒకేసారి చూశాం. మేం చూడటం ఆయనా చూశాడు. ముప్పయ్యేళ్లు ఆ బల్ల మీదకి వంగినవాడే ఆయన కూడా. ఒక్క నిమిషం పళ్లన్నీ లోపలికి వెళ్లిపోయాయి. ఆయన్ని నోరు మూసుకుని చూడటం నాలుగేళ్లలో అదే మొదటిసారి.

"ఎంత ఎత్తు లేపాలి బల్లలు?" అన్నాడు.

"రెండిటుకలు" అన్నాను. "దవడ కొట్టేది కూడా ప్లాస్టర్ కోసం కాదండీ."

"తెలుసు. నేనూ లోపల గడ్డం లాగుతున్నాను" అన్నాడు, నేల చూస్తూ.

ఎగిరి గంతెయ్యకు. బల్ల నిదానానికే ఇచ్చాడు. నన్ను తొట్టికి పంపలేదు, అంతే. "ఐదు సెట్లూ నువ్వే మళ్లీ చెయ్యి. ఆర్నెల్లు తిన్నని పని చూపించు, రెండో ముందుపళ్ల బల్ల వేద్దామేమో అప్పుడాలోచిస్తాను" అన్నాడు. నిదానం మొహమాటానికైనా వద్దనలేదు. వెళ్లి కూర్చున్నాడు. కూర్చోడానికి పావుగంట పట్టింది.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఇది అమ్మకి చెప్పకు.

గోడ సంగతి నాలుగుసార్లు చదివాను. అత్త మాట్లాడుతోందా?

మేనకోడలు


వసారాలో కాదు, వంటింట్లో,
మంగళవారం

ఒసే,

మాట్లాడుతోంది. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు "ఆ టీ తాగినవాళ్లు ఎవరో కనుక్కున్నావా?" అంది. లేదన్నాను. ఇద్దరం డిపోకి వెళ్లొచ్చాం. కొట్టు ఇంకా ఉంది. వాళ్లెవరో కొట్టువాడికీ గుర్తులేదు. ఆ బెంచీ మీదే కూర్చుని టీ తాగాం. మీ అత్త లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుని గట్టిగా లాగింది, ఇప్పుడే గోడ కూలుతున్నట్టు.

తప్పు నాదేనని బల్ల ముందు నిలబడి చెప్పావు చూడు, నాకు పదకొండు నెలలు పట్టినా ఆ మాట రాలేదు. గోడ కూలితే వచ్చింది. ఇంతకంటే పొగడను, నీకు తలకెక్కితే మెడకి బరువు.

మామయ్య


వర్క్‌షాపు, నా బల్ల (రెండిటుకల మీద),
మూడు నెలల తర్వాత

మామయ్యా,

ఉత్తరాలు తగ్గాయని అలిగావట. తిన్నగా కూర్చుని రాయాలంటే టైము పడుతుంది, నీ వల్లే.

నాలుగు సెట్లు మళ్లీ చేసి పంపాను. వకీలుగారు ఇప్పుడు ఏడుస్తున్నట్టు వాదిస్తున్నాడట, కేసులు గెలుస్తున్నాడట. ఐదోది ఎవరిదో తెలిస్తే పడిపోతావు. ముప్పైరెండు వాళ్ల అత్తగారిది! సరిచేసేలోపే ఆవిడ వచ్చి పట్టుకుపోయింది, ఇక ఇవ్వనంది. "అల్లుడు మాట్లాడినంతసేపూ నేను కష్టపడి నవ్వక్కర్లేదు, అవే నవ్వుతున్నాయి" అని కబురు చేసింది. ఆయన ఆ సెట్టు మార్చమని నన్ను బతిమాలుతున్నాడు. ఆవిడ మార్చొద్దని బతిమాలుతోంది. నేను ఆవిడ పక్షం.

మెడనొప్పి పోలేదు. పుస్తకంలో రాసుకుంటున్నాను. మొదటి నెల చెడ్డ రోజులు పదకొండు, ఈ నెల ఆరు. ఆరింట్లో రెండు నేను కోరి తెచ్చుకున్నవే, ఒక పూట అరుస్తూ వాదించాను, ఒక పూట దవడ నోరు మళ్లీ కట్టేశాను. మిగతా నాలుగూ ఊరికే వచ్చాయి, ఊరికే పోయాయి. ఇదివరకు వస్తే మంచం ఎక్కేదాన్ని. ఇప్పుడు వీధి చివరిదాకా నడిచొస్తాను, దాన్ని వెంటేసుకుని. కొన్ని రోజులు నాకు చచ్చేంత కోపం వస్తుంది మామయ్యా, ఈ వయసులో నాకెందుకు ఇదని. కోపమొస్తే భుజాలు చెవుల దాకా పోతాయి. వాటిని కిందకి దించి మళ్లీ కోప్పడుతున్నాను. కోపం మానలేను.

నిన్న నిదానం ముందుపళ్ల బల్ల మీంచి మొదటిసారి నన్ను పిలిచాడు. ఒక సెట్టు చేతిలో పెట్టాడు.

"చూడు."

"నన్నెందుకు? నా కళ్లు వంకర కదా."

"వంకర ఎలా ఉంటుందో ఇక్కడ నీకే బాగా తెలుసు."

ఇంట్లోలాగే ఇక్కడా కట్టుకున్న దారం ముందు నిలబడి, సెట్టుని కళ్ల ఎత్తుకి తెచ్చి, తల నొప్పి వైపుకి తిప్పాను. పట్టేసింది. ఆగాను. మెల్లగా మళ్లీ తిప్పాను. ఎడమ కోరపన్ను వెంట్రుకవాసి పొడుగుంది. చెప్పాను. వాడు చాలాసేపు చూశాడు. "అవును" అని మైనం వేడి చెయ్యడం మొదలెట్టాడు.

నేను ఆ బల్ల దగ్గర నిలబడ్డది మొత్తం ఐదు నిమిషాలు. కిటికీ పక్కనే, వెలుగు ఎంత బాగుందో. ఇంకో మూడు నెలలు. రెండో బల్ల వెయ్యకపోతే నేనే మేకులు కొడతాను.

రోజూ పొద్దున్న నొప్పి నాకంటే ముందు లేచి, నా మీద కూర్చుని నన్ను లేపేది. ఇవాళ నేనే ముందు లేచాను. మొహం కడుక్కుని, భుజాలు తిప్పి, ఎడమ మెడ మీద రెండు తట్లు తట్టాను. "లే, పనికి టైమైంది" అన్నాను.

గొణుక్కుంటూ వచ్చింది.

నీ మేనకోడలు